బొట్టు పెట్టిన రెంచి

ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన మొదటి రోజున నాకు ఒక టార్చిలైటు, మెడలో వేసుకునే కార్డు, ఒక రబ్బరు ముద్ర ఇచ్చారు. టార్చిలో బ్యాటరీలు లేవు. బ్యాటరీల కోసం అర్జీ పెట్టాను. ఆ అర్జీని మంజూరు చేయాల్సిన మనిషిని కూడా నేనేనని మూడు వారాల తర్వాత తెలిసింది. అప్పుడే లేచి ఇంటికి పోవలసింది. పోలేదు. నాలుగేళ్ళయింది, ఇంకా ఇక్కడే ఉన్నాను, బ్యాటరీలు నేనే తెచ్చుకుంటున్నాను.

అంతకుముందు ముప్పై ఏళ్ళు ఒక విమానాల కంపెనీలో ఇంజనీరుని. బర్మాలో, మన పాత రంగూన్ అయిన యాంగోన్ ఊరికి ఉత్తరాన మింగళాడోన్‌లో, రన్‌వేకి అవతల, పెద్ద రేకుల హ్యాంగర్. డెబ్బై మంది పట్టే పంకాల విమానాలు. నేను బాగుచేసి సంతకం పెడితే విమానం ఎగిరేది. ఇప్పుడు వేరేవాళ్ళు బాగుచేసి సంతకం పెడితే, ఆ సంతకం నిజమా కాదా అని చూస్తాను. అప్పట్లో హ్యాంగర్‌లోకి అడుగుపెడితే టీ తెప్పించేవాళ్ళు. ఇప్పుడూ తెప్పిస్తారు, ఇంకా పెద్ద కప్పులో తెప్పిస్తారు, కానీ నేను తాగకూడదు. నిబంధన. తాగకపోతే పాతవాళ్ళు మొహం మాడ్చుకుంటారు, పెద్ద ఆఫీసరైపోయాడని.

ఇక్కడి మా తెలుగువాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. పబేడాన్ బజారుకి కూరలకి వెళ్తే చాలు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని, మా అమ్మాయి మాండలే వెళ్తోంది కిటికీ పక్క సీటు ఇప్పించు అంటారు. నేను సీట్లు ఇచ్చేవాణ్ణి కాదు తల్లీ, చక్రాలు చూసేవాణ్ణి అంటే, ఇంత పెద్ద ఉద్యోగం వెలగబెట్టి ఆ మాత్రం చెయ్యలేవా అంటారు. చక్రాలు చూడడం ఒక ఉద్యోగమని ఈ ఊళ్ళో ఏ ఒక్క తెలుగువాడినీ ఒప్పించలేకపోయాను.

కార్డు మీద నా బర్మా పేరు, ఊ టున్ ఔంగ్. ఇంట్లో దండాసి. మా తాత గంజాం నుంచి ఓడలో వచ్చి ఇన్సేన్ రైలు కార్ఖానాలో సుత్తి పట్టాడు. మా నాన్న అదే కార్ఖానాలో లేతు యంత్రం మీద పనిచేశాడు. నేను విమానాల వైపు వచ్చాను. నా వెనక మా బావమరిది అచ్చెన్న వచ్చాడు.

అచ్చెన్న నా భార్య లక్ష్మీదుర్గకి తమ్ముడు. వాణ్ణి ఆ కంపెనీలో చేర్పించింది నేను. రెంచి ఎలా పట్టుకోవాలో నేర్పింది నేను. పనిముట్టుని ఎవరి చేతికైనా ఇచ్చేముందు తుడిచి ఇవ్వాలని తిట్టి తిట్టి అలవాటు చేసింది నేను. రెంచి చెప్పకముందే నట్టు బిగిసిందని చెయ్యి చెప్పాలిరా అని పదిమందిలో గొప్పలు పోయింది కూడా నేనే. నేను మానేశాక నా కుర్చీలో వాడే కూర్చున్నాడు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. విమానం ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టే లైసెన్సు తప్ప వాడికి వేరే ఆస్తి ఏదీ లేదు.

ఇక ఆయుధ పూజ. ఆ హ్యాంగర్‌కి దాన్ని తెచ్చిన పాపం కూడా నాదే. మా తాత మహర్నవమి నాడు కార్ఖానాలో సుత్తికీ పట్టకారుకీ బొట్టు పెట్టేవాడు. నేను ఇరవై రెండేళ్ళ కిందట హ్యాంగర్‌లో, పనిముట్ల గదిలో, అమ్మవారి పటం పెట్టి మొదలుపెట్టాను. మొదట్లో నలుగురం తెలుగువాళ్ళమే. తర్వాత బర్మా మెకానిక్కులు కూడా తమ దేవతలకి పెట్టే ఆకురెమ్మలు తెచ్చి పటం పక్కన పెట్టడం మొదలెట్టారు. పులిహోర అంటే వాళ్ళకి ప్రాణం. నియమం ఒక్కటే. పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాడు ఉదయం హారతి ఇచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ రోజు దానికి సెలవు. కంపెనీ కూడా దీనికి అలవాటుపడి ఆ రోజు పెద్ద పనులు పెట్టేది కాదు.

ఉద్యోగం మారాక నేను ఆ పూజకి వెళ్ళడం మానాలి. తనిఖీ చేసేవాడు కంపెనీవాళ్ళ విందులకి వెళ్ళకూడదని మా రూల్సు పుస్తకంలో నాలుగో పేజీలోనే ఉంది. ఇది విందు కాదు పూజ కదా అని నాకు నేనే చెప్పుకుని ఏటా వెళ్ళాను. ఈ ఏడు నవమి బుధవారం వచ్చింది. సగం రోజు సెలవు పెట్టి ఉదయం తొమ్మిదికల్లా వెళ్ళాను. అచ్చెన్న పసుపు ముద్ద, కుంకుమ నా ముందు పెట్టాడు.

"నువ్వే ఎట్టు బావా. పెద్దోడివి."

పెట్టాను. పటం ముందు నడిమధ్యన పెద్ద టార్క్ రెంచి ఉంది. నట్టుని ఎంత బలంతో బిగించాలో అంకె తిప్పి పెట్టుకుంటే, అంత బలం చేరగానే టక్కున చప్పుడు చేసే పనిముట్టు అది. చక్రాల నట్లు బిగించేది దానితోనే. అలాంటివి రెండుండేవి. ఒకదాన్ని సరిచూడ్డానికి సింగపూర్ పంపి ఎనిమిది నెలలైంది, ఇంతవరకూ తిరిగిరాలేదు. మిగిలింది ఇదొక్కటే, నంబరు 417. నా చేతిలో పసుపు కాస్త ఎక్కువ పడి, అంకె తిప్పే పిడి చుట్టూ ముద్దగా అంటుకుంది. దాని మీదే కుంకుమ అద్దాను. రెండు గరిటెల పులిహోర తిని ఆఫీసుకి వెళ్ళిపోయాను.

రెండు రోజుల తర్వాత, శుక్రవారం, సిత్వే వెళ్ళే విమానం తనిఖీ నా వంతు వచ్చింది. సోమవారం తడింజుత్ పున్నమి. ఆ పండక్కి చిన్నవాళ్ళు పెద్దల ముందు, శిష్యులు గురువుల ముందు మోకరిల్లి, ఏడాదిలో ఒంటితో, మాటతో, మనసుతో చేసిన తప్పుల్ని మన్నించమని అడుగుతారు. అందుకని ఊళ్ళకి వెళ్ళేవాళ్ళతో విమానంలో ఒక్క సీటు మిగల్లేదు. విమానాశ్రయం అద్దాల వెనకాల అందరి చేతుల్లో పళ్ళ బుట్టలు, లుంగీల పెట్టెలు. రెండున్నరకి బయల్దేరాలి. నేను ఒంటిగంటకి విమానం కిందకి దూరాను.

కుడివైపు చక్రాలు రెండింటికీ కొత్త టైర్లు కనిపించాయి. ఎప్పుడు మార్చారని అడిగితే జాబ్ కార్డు తెచ్చి ఇచ్చారు. ఏ పని, ఎవరు, ఎప్పుడు, ఏ పనిముట్టుతో చేశారో రాసే కాగితం అది. చక్రాలు రెండూ మార్పు. బుధవారం, సాయంత్రం నాలుగు ఇరవై. నట్లు బిగించిన రెంచి, నంబరు 417. సంతకం అచ్చెన్నది.

ఎండలో నిలబడి ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను. నాలుగు ఇరవైకి ఆ రెంచి అమ్మవారి ముందు సెలవులో ఉంది. కావలిస్తే ప్రమాణం చేస్తాను. అచ్చెన్న తన ప్రాణం మీదకి వచ్చినా దాన్ని అక్కణ్ణుంచి తియ్యడు. వాడికి ఆ భయం పెట్టింది నేనే.

పనిముట్ల గదికి వెళ్ళాను. రెంచి దాని పెట్టెలోకి చేరింది కానీ నా పసుపు ముద్ద అలాగే ఉంది. ఎండి, గట్టిపడి, పిడిని చుట్టుకుని ఉంది. ఒక్క బీట లేదు. పిడి తిప్పితే అది ముక్కలై రాలిపోవాలి. అంటే బుధవారం ఉదయం తొమ్మిది నుంచి ఇప్పటిదాకా ఆ రెంచిని ఎవరూ వాడలేదు. ఫోటో తియ్యాలని ఫోను కోసం జేబులో చెయ్యి పెట్టాను. ఇంతలో అచ్చెన్న పరుగున వచ్చాడు.

"ఏటి బావా, రెంచి కావాలా?" అంటూ పెట్టెలోంచి దాన్ని తీసి, భుజం మీది గుడ్డతో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా శుభ్రంగా తుడిచి, రెండు చేతులతో నాకు అందించాడు.

కావాలని తుడిచాడా, చేతి అలవాటు కొద్దీ తుడిచాడా? వాడి మొహం చూస్తే తెలియలేదు. నేల మీద పసుపు పొడి కాస్త రాలింది, గాలికి అదీ పోయింది. సాక్ష్యం అనేది ఏమైనా ఉంటే, ఇక అది నేనొక్కణ్ణే.

వాణ్ణి విమానం రెక్క కిందకి లాక్కెళ్ళాను.

"బుదవారం నాలుగింటికి ఈ రెంచి ఎక్కడుందిరా?"

"కార్డులో ఉంది గదా బావా."

"కార్డు నాకూ సదవడం వచ్చు. రెంచి ఎక్కడుంది?"

వాడు అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "మద్దేనం ఇమానం టైరు తెగి వొచ్చింది. సాయంకాలం మళ్ళీ ఎల్లాల. బేగి కానిమ్మని మేనేజరు నెత్తి మీద నిలబడ్డాడు. అమ్మోరి ముందునుంచి రెంచి తియ్యమంటావేటి? ముట్టుకోవొద్దని నువ్వే గదా రూలు ఎట్టినావు. మామూలు పానాకి గొట్టం తొడిగి సేత్తో బిగించాను. ముప్పయ్యేళ్ళ సెయ్యి బావా ఇది. నా సెయ్యి నీకు తెలీదేటి?"

"మరి 417 అని ఎందుకు రాసావు?"

"మరేటి రాయాల? నా సెయ్యి నంబరు రాయాలా?"

నాకు నవ్వూ ఏడుపూ రెండూ ఒక్కసారే వచ్చాయి. దేవుడికి భయపడ్డాడు, కాగితానికి భయపడలేదు. రెంచిని తాకితే అపచారం, తాకినట్టు రాస్తే మాత్రం ఏమీ కాదు. ఇలాంటి తప్పు ప్రపంచంలో మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. ఆ పూజే పెట్టకపోతే వాడు రెంచితోనే బిగించేవాడు కదా అని కూడా అనిపించి, ఇంకా ఒళ్ళు మండింది.

విమానాన్ని ఆపేశాను. జాకీ పెట్టి లేపమన్నాను. మేనేజరు కో యే విన్ గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, చదువుకున్నవాడు, నన్ను సయా అని గౌరవంగా పిలుస్తాడు, చెప్పిన ఒక్క మాటా వినడు.

"సయా, డెబ్బై మంది పండక్కి వెళ్తున్నారు. ఇప్పుడు జాకీ అంటే ఎలా?" అన్నాడు బర్మీస్‌లో.

"జాకీ లేకుండా చక్రం లేపే ఉపాయం నీకు తెలిస్తే చెప్పు," అన్నాను.

మొదటి చక్రం నట్టు చూశాం. రెంచికి అంకె పెట్టి నేనే పట్టాను. నట్టు కదలకుండానే, సరిగ్గా ఎక్కడ మోగాలో అక్కడ, టక్కుమంది. వెంట్రుకవాసి తేడా లేదు. అచ్చెన్న నా పక్కన నిటారుగా నిలబడ్డాడు.

"సూసావా?" అన్నాడు. వాడి మొహం వెలిగిపోయింది. ఒక్క క్షణం నాకూ గర్వం కలిగింది. ఎందుకు దాచాలి, కలిగింది.

రెండో చక్రం. రెంచి మీద చెయ్యి వేసి తోశాను. నట్టు కదిలింది. ఇంకా కదిలింది. దాదాపు పావు చుట్టు తిరిగాక గానీ టక్కుమనలేదు. ఆ చక్రం మీద విమానం రెండు రోజులుగా ఎక్కుతూ దిగుతూ ఉంది. అచ్చెన్న భుజం మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అవి మురికిగా ఏమీ లేవు.

చక్రం విప్పి, బేరింగు మార్చి, మళ్ళీ బిగించి, అన్నీ చూసేసరికి ఐదున్నర అయింది. విమానం మూడు గంటలు ఆలస్యంగా వెళ్ళింది. మెట్లెక్కుతూ ఒక ముసలావిడ నన్ను చూసి, ఇతనేనా ఆపినవాడు అని పక్కనవాళ్ళతో పైకే అంది.

కో యే విన్ నన్ను పక్కకి పిలిచాడు. "సయా, కొత్త చక్రం బిగించాక నాలుగుసార్లు దిగితే నట్టు కాస్త వదులవుతుంది. మీకు తెలియనిది కాదు. బుధవారం సరిగ్గానే బిగించారు, తర్వాత వదులైంది, మీరు కనిపెట్టారు, మేం బిగించాం. అలా రాయండి. అచ్చెన్న సయాకి ఏమీ కాదు, మాకూ ఏమీ కాదు, మీకు మంచి పేరు."

వాడు చెప్పిన దానిలో ఒక్క లోపం లేదు. బుధవారం ఆ రెంచి ఎక్కడుందో నేను తప్ప ఇంకెవరూ నోరు విప్పి చెప్పరు. నేను మాట్లాడకపోతే అచ్చెన్న మిగిలిన రెండేళ్ళూ గౌరవంగా పనిచేసి, పూలదండ వేయించుకుని ఇంటికి వెళ్తాడు. మాట్లాడితే దొంగ కార్డు రాసినందుకు లైసెన్సు పోతుంది. నాకు ఆ మేనేజరు మీద కోపం రాలేదు, నా మీద నాకే వచ్చింది. ఎందుకంటే ఆ మాట వినగానే నా ప్రాణం తేలికపడింది.

మా ఆఫీసుకి వెళ్ళేసరికి కరెంటు లేదు. మా పై అధికారి డా సాన్ సాన్ కిటికీ దగ్గర కూర్చుని వెలుతురు ఉండగానే ఫైళ్ళు ముగిస్తోంది. రిపోర్టు ఫారంలో పంతొమ్మిది గడులున్నాయి. పదకొండో గడి, ఆధారం. అక్కడ ఆగిపోయి ఆమెకి జరిగినదంతా చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసింది.

"రెంచి అక్కడే ఉందని నీకెలా తెలుసు?"

"నేనక్కడున్నాను సయామా. దానికి పసుపు పెట్టింది నేనే."

"కంపెనీవాళ్ళ హ్యాంగర్‌లో, వాళ్ళ పూజలో?"

"నేనే మొదలుపెట్టిన పూజ."

"ఏమైనా తిన్నావా?"

"పులిహోర. రెండు గరిటెలు."

ఆమె మంచి మనిషి, ఎవరినీ ఇరుకున పెట్టడం ఇష్టం ఉండదు. "టున్ ఔంగ్, నట్టు వదులుగా ఉంది, బిగించారు. ఈ రెండు ముక్కలు రాసినా అబద్ధం అవదు," అంది.

"ఆ రెంచి ఒక రోజంతా గదిలో పడుంది సయామా. ఆ రోజు తేదీతో 417 అని ఇంకెన్ని కార్డుల మీద ఉందో చూడాలి కదా. నేను రాయకపోతే ఎవరు చూస్తారు?"

"సరే. అయితే పులిహోర కూడా రాయి," అని కళ్ళజోడు పెట్టుకుంది.

రాశాను. రెంచికి పసుపు, కుంకుమ పెట్టినది ఈ రిపోర్టు రాస్తున్న నేనే అని పదకొండో గడిలో రాసి, అది చాలక పక్క గడిలోకి పోనిచ్చి, ముద్ర వేశాను. బుధవారం పది గంటలకి విచారణ అని ఆమె కాగితం ఇచ్చింది. అది తేలేదాకా అచ్చెన్న సంతకం చెల్లదు. నేను తనిఖీలకి వెళ్ళకూడదు. ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

ఇంటికి వెళ్ళేసరికి కబురు నాకంటే ముందే చేరింది. లక్ష్మీదుర్గ కూర తరుగుతూ తలెత్తకుండా అడిగింది.

"ఏటండీ, మా తమ్ముడి నోటికాడ కూడు లాగీసినారంట?"

జరిగింది చెప్పాను. నట్టు గురించి, పావు చుట్టు గురించి, చేత్తో తిప్పి మరీ చూపించాను. ఆమె కత్తిపీట పక్కన పెట్టింది.

"నట్టు బిగించీసారు గదా. ఇమానం ఎల్లిపోనాది గదా. మరింకేటి?"

"నా పేరు కూడా రాసుకున్నాను దుర్గా. నా ఉద్యోగం కూడా పోవొచ్చు."

"మీ ఉద్యోగం పోతే మావోడి లైసెన్సు తిరిగొస్తాదేటి?"

ఆ ఇల్లంతా రెండు రోజులు నాతో గిన్నెల చప్పుడుతోనే మాట్లాడింది. శనివారం ఎవరో ఫోను చేసి కిటికీ పక్క సీటు అడిగారు. వాళ్ళని ఏమన్నానో ఇక్కడ రాయను.

సోమవారం పున్నమి. ఏటా ఆ రోజు పొద్దున్నే అచ్చెన్న వస్తాడు. వరసకి బావమరిదైనా పనికి నేను గురువుని. అందుకని అరటిపళ్ళు, కొబ్బరికాయ, ఒక లుంగీ బుట్టలో పెట్టుకొచ్చి, బర్మావాళ్ళ పద్ధతిలో నా ముందు మోకరిల్లుతాడు. మా వాళ్ళు ఇక్కడ మూడు తరాలుగా ఈ పద్ధతి పట్టుకున్నారు. ఈసారి రాడనుకున్నాను. తొమ్మిదికి గుమ్మంలో బుట్టతో నిలబడ్డాడు. గడ్డం గీసుకోలేదు.

నాకు మండిపోయింది. వాడు రాకపోతే బాధపడేవాణ్ణి, వస్తే కోపం వచ్చింది. "ఆ బుట్ట బయటెట్టు. ఇచారణలో ఉన్నోడి దగ్గర నేనేటీ తీసుకోకూడదు. రూలు," అన్నాను.

"నువ్వూ ఇచారణలోనే ఉన్నావు గదా బావా. ఇద్దరం ఒకటే. ఇంకేటి రూలు?"

లోపల లక్ష్మీదుర్గ నవ్వు ఆపుకున్న చప్పుడు వినిపించింది. మూడు రోజుల్లో ఆ ఇంట్లో వినపడ్డ మొదటి నవ్వు అది. నేను కుర్చీలో కూర్చున్నాను. అచ్చెన్న బుట్ట పక్కన పెట్టి, చేతులు జోడించి, మోకాళ్ళ మీద వంగాడు. అలవాటైన మాటలు మొదలుపెట్టాడు. ఒంటితో చేసిన తప్పులు, మాటతో చేసిన తప్పులు. అక్కడ ఆగిపోయాడు. తల నేలకి ఆనించే ఉంది.

"బావా. ఆ రెండో సెక్రం."

"సెప్పు."

"సెయ్యి సెప్పింది. ఇంకా బిగియ్యాల అని సెప్పింది. కుడి బుజం నొప్పి. మేనేజరు గడియారం సూపిస్తన్నాడు. ఇంకో పట్టు పట్టాల్సింది. పట్టనేదు. సెయ్యి సెప్పింది గానీ నానే ఇన్నేదు."

ఇంతసేపూ నేను ఒక్కదాన్ని పట్టుకుని వేలాడుతున్నాను. వాడికి తెలియకుండా జరిగిందని, వాడి చెయ్యి ముసలిదై వాణ్ణి మోసం చేసిందని, వాడు మాత్రం నిజాయితీగా బిగించాననే అనుకున్నాడని. విచారణలో వాడి తరఫున చెప్పాలనుకున్న మాట కూడా అదే. అదీ పోయింది. తెలిసే వదిలేశాడు. తెలిసే సంతకం పెట్టాడు. డెబ్బయ్యేసి మంది ఆ చక్రం మీద రెండు రోజులు దిగారు. ఆ మాట ఎవరూ అడగకుండానే వచ్చి, నా కాళ్ళ దగ్గర పెట్టాడు. కొట్టాలనిపించింది. ఏడుపొచ్చింది.

"ఈ ముక్క ఇంకెవరికైనా సెప్పినావా?"

"నేదు."

"బుదవారం పదింటికి అక్కడ సెప్పు. ఇలగే సెప్పు. బుజం సంగతి, గడియారం సంగతి, అన్నీ."

వాడు తలెత్తాడు. "సెప్తే లైసెన్సు మరి రాదు బావా. సెప్పకపోతే ఆర్నెల్లలో వొచ్చీసినా వొచ్చీసును. మేనేజరు అదే అంతన్నాడు. నట్టు వొదులైపోనాదని సెప్పమంతన్నాడు."

"తెలుసు."

"నువ్వు సెప్పీస్తావేటి, నాను సెప్పకపోతే?"

లక్ష్మీదుర్గ గది గుమ్మం దగ్గరకి వచ్చి నిలబడింది. చేతిలో పళ్ళెం ఉంది. నన్నే చూస్తోంది. ఈ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి నా బుర్ర నాలుగు దారులు వెతికింది, ఒక్కటీ దొరకలేదు.

"సెప్పీస్తాను," అన్నాను. "నీ నోట రావాలని ఉంది గానీ, రాకపోతే నాను సెప్పీస్తాను."

పళ్ళెం చప్పుడు చెయ్యలేదు. ఆమె దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళలేదు, అక్కడే కూర్చుంది. అచ్చెన్న మళ్ళీ చేతులు జోడించాడు. మనసుతో చేసిన తప్పులు అన్న చివరి మాట మిగిలిపోయింది కదా, అది కూడా అని, తల వంచి, అలాగే ఉండిపోయాడు.

ఇప్పుడు నేను ఆశీర్వదించాలి. ఏటా ఆరోగ్యం, ఆయుష్షు, చేతిలో పని అని మూడు చెప్తాను. ఆ మూడోది నోటికి రాలేదు. వాడి కుడి భుజం మీద చెయ్యి వేశాను. గట్టిగా నొక్కితే వాడు చిన్నగా మూలిగాడు. నిజంగానే నొప్పి ఉంది.

"ఈ బుజం ఎన్నాళ్ళనుంచిరా?"

"ఏడాది."

"నాకెందుకు సెప్పలేదు?"

"నువ్వు తనికీ సేసేవోడివి గదా బావా," అన్నాడు. "ఎలాగ సెప్తాను?"

ఆరోగ్యం, ఆయుష్షు, రెండే చెప్పాను. చెయ్యి వాడి భుజం మీంచి తియ్యలేదు. "బుదవారం తొమ్మిదింటికి వొచ్చీ," అన్నాను. "కలిసెల్దాం."